వాగు వద్దన్నదెవరు?

"వాగు పోయిందండీ!"

కౌంటరు వెనక గుమాస్తా తలెత్తలేదు. "బ్యాగు పోతే ఇక్కడ కాదు. పోలీసు స్టేషను పక్క వీధి."

"బ్యాగు కాదు స్వామీ, వాగు! నీళ్లు పారేది!"

"నీళ్లు కారే బ్యాగా?"

మైకు మావయ్యకి ఒళ్లు మండిపోయింది. కాలనీలో చిన్నా పెద్దా ఆయన్ని అలాగే పిలుస్తారు. ఆయనకి మైకు ఉందని కాదు, అవసరం లేదని. బీమా పాలసీలు అమ్మీ అమ్మీ ఆ గొంతు అలా ముదిరింది. ఎదుటివాడు బతికుండగా వదలని వృత్తి మరి.

"మెల్లిగా అండీ," అంటూ అత్తయ్య మోచేత్తో పొడిచింది. పెళ్లయిన కొత్తలో ఆవిడా మాటకారే. తర్వాత ఖాళీ దొరకలేదు.

"అప్పీలుకి వచ్చాం. దారెటు?" అన్నాడు మావయ్య పళ్లు నూరుతూ. గుమాస్తా పెన్నుతో మెట్లు చూపించాడు.

వాళ్ల ఇంటి వెనక వాగుంది. కంటికి ఉంది, కాగితానికి లేదు. నగరంలో వాగుల్ని కాపాడటానికి బ్రహ్మాండమైన చట్టమే ఉంది. జాబితాలో 'వాగు' అని ఉంటే చాలు, రెండు గట్ల వెంటా ముప్పై అడుగుల దాకా ఎవడూ ఇటుక పెట్టకూడదు. అదే 'మురుగు కాలువ' అని ఉంటే మూత బిగించి, పైన బజారు కట్టుకోవచ్చు. హద్దు ఉంటే వాగు, వద్దు అంటే మురుగు!

ఆమధ్య అధికారులు కాలనీవాళ్లని ఒక హాల్లో కూర్చోబెట్టి అభిప్రాయం అడిగారు. మావయ్య లేచి, వాగు తరఫున వాగుకి మించి ప్రవహించాడు. తీరా జాబితా వచ్చేసరికి వాగు కాస్తా మురుగు కాలువైంది. కారణం ఒకే ఒక్క వాక్యం: 'స్థానికులు ముక్తకంఠంతో వాగు వద్దన్నారు.'

మురుగు అన్నందుకు మావయ్య పొరుగు మీద పడ్డాడు. ఎవరన్నారు? పక్కింటి పళ్ల డాక్టరా? "నా పని నోళ్లు తెరిపించడం మావయ్యా, నేను తెరవడం కాదు," అని ఆయన మొత్తుకున్నా వినలేదు. ఎదురింటి టైలరమ్మని నిలదీస్తే, "ఏమో మావయ్యా, నాకు చప్పట్లు తప్ప ఏమీ గుర్తు లేదు," అంది. ఆ చప్పట్లు తన ఉపన్యాసానికేనని మావయ్య నమ్మకం. చివరికి ఇద్దరితోనూ మాటలు మానేశాడు. మైకు మావయ్య మాటలు మానేశాడంటే కడుపు ఎంత మండిందో మీరే ఊహించుకోండి.

మండదూ మరి! బజారు కట్టే కాంట్రాక్టరు వచ్చి వాగులో మట్టి పోశాడు. మొన్నటి వానలకి నీళ్లు దారి దొరక్క, మావయ్య వంటింటి దారి పట్టాయి. గ్యాసు సిలిండరు పడవై తేలింది. ఇప్పుడు వాగు మీద ఇనుప చువ్వలు పరిచేశారు. రేపే స్లాబు. స్లాబు కాంట్రాక్టరుకి లాభం, బురద మావయ్యకి శాశ్వతం. ఇవాళ్టి అప్పీలే ఆఖరిది.

మేడ మీద గదిలో అధికారిణి కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టింది. "చూడండి, చట్టం మీ వైపే ఉంది. కానీ జనమే వద్దన్నారని రాసుందే! ఆ వాక్యం తప్పని తేలితే ఈ క్షణమే వాగుని జాబితాలోకి ఎక్కిస్తాను. తేలకపోతే నా చేతిలో ఏమీ లేదు."

"పచ్చి అబద్ధం మేడమ్!" కిటికీ అద్దాలు అదిరాయి.

కాంట్రాక్టరు తరఫు లాయరు చెవి రుద్దుకున్నాడు. "రాసినాయన్నే పిలిపించండి."

రాసినాయన ఎవరో కాదు, కింద కౌంటర్లో గుమాస్తాయే!

"విన్నది విన్నట్టే రాశానండి," అన్నాడు చేతులు కట్టుకుని. "కాకపోతే వాళ్లు కలిపి పలికారు, నేను విడదీసి రాశాను. నా దగ్గర వ్యాకరణం తప్పదు. కావాలంటే రికార్డింగు వినండి."

"వాగుకీ బ్యాగుకీ తేడా తెలియని చెవులూ, దానికో వ్యాకరణమూ!" అన్నాడు మావయ్య. "పెట్టండి మేడమ్! ఆ ద్రోహి ఎవరో తేలాల్సిందే!"

పెట్టారు. మావయ్య గొంతు గదిలోకి వరదలా వచ్చింది. వాగు పుట్టుక, వాగు పెంపకం, వాగులో తను ఈత నేర్చిన వైనం. అధికారిణి కాస్త ముందుకి జరిపింది. మావయ్యే. ఇంకాస్త జరిపింది. ఇంకా మావయ్యే.

అప్పుడు వినిపించింది ఒక ఆడగొంతు. ఒకే ఒక్క మాట. మరుక్షణం హాలు హాలంతా అదే మాట అందుకుంది. ఒకసారి కాదు, తాళం వేసి మరీ! ఆపైన చప్పట్లు, ఈలలు.

"ముక్తకంఠం అంటే ఇదే కదా మేడమ్?" అన్నాడు లాయరు, ఫైలు మూసేస్తూ.

మావయ్య కుర్చీలో కూలబడ్డాడు. అప్పీలు వినడానికి వచ్చిన కాలనీవాళ్లలో, వెనక వరసలో పళ్ల డాక్టరు నేలచూపులు చూస్తున్నాడు. టైలరమ్మ చేత్తో నోరు మూసుకుంది.

"అందరూ కలిసేనా?" అన్నాడు మావయ్య. పుట్టి బుద్ధెరిగాక ఆయన గొంతు పక్కవాళ్లకి వినపడకపోవడం అదే మొదలు.

"ఆ మొదటి గొంతు ఎవరిది?" అధికారిణి అడిగింది.

గదిలో ఎవరూ ఉలకలేదు, పలకలేదు. మావయ్య కూడా.

ఇన్నేళ్లకి అత్తయ్యకి ఖాళీ దొరికింది. ఒళ్లో ఉన్న అన్నం డబ్బా పక్కన పెట్టి, మెల్లిగా లేచి నిలబడింది.

"నాదేనమ్మా, కానీ నేను 'వాగొద్దు' అన్నది ఇంటి వెనక పారేదాన్ని కాదు, ఇదిగో, నా పక్కన కూర్చున్న ఈయన్ని!"