మొగుడున్న ఆయా వద్దు

“ఆ ఇల్లు నీకొద్దు తల్లీ,” అన్నాడు కాంపౌండరు గాదిలింగప్ప, సైకిలు తోసుకుంటూ. “ఆయా కోర్సు చేసినావు, సర్టిఫికెట్టుండాది. కౌల్ బజార్ నర్సింగ్ హోములో రమ్మంటాండారు. ఏడాది తిరిగితే పర్మనెంటు. ఈడ పేషంటు ఉన్నన్నాళ్లే నీ ఉద్యోగం. ఆయప్ప పోతే అదీ పోయె!”

“ఆ మాట అనొద్దన్నా!” అంది హనుమక్క. “నాకీ పనే ఇప్పియ్యి. నీ కాళ్లు పట్టుకుంటా.”

“సుమ్నే, ఊరికే మొండికేస్తావేంది?” అని గొణుక్కున్నాడు గాని, వెనక్కి మాత్రం తిరగలేదు. మంచి మనిషి.

సత్యనారాయణపేట సందు మొగలో హనుమక్క ఆగింది. కొంగుతో నొసలు గట్టిగా తుడుచుకుంది. బళ్లారి ఎండ మరి.

నట్టింట్లో పద్మావతమ్మ కూర్చుని ఉంది. బజారులో పెద్ద బట్టల అంగడి వాళ్లది. కొడుకు మంచాన పడ్డాడు. మొగుడున్న ఆయాలను ఇద్దరిని పెట్టుకుంటే, ఇద్దరూ మొగుడు పిలిచాడని చెప్పాపెట్టకుండా పోయారు. అందుకే ఆమెకిప్పుడు ముందూ వెనకా ఎవరూ లేని ఆడదే కావాలి.

“మొగుడు?”

హనుమక్క తల దించుకుంది. “లేడమ్మా.”

“పిల్లలు?”

“లేరు.”

“యా ఊరు?”

“సండూరు పక్కమ్మా.”

ఆ బోసి నొసలూ, బోసి చేతులూ చూసి పద్మావతమ్మ నిట్టూర్చింది. “అయ్యో, ఈ వయసుకే!”

హనుమక్క కళ్లు ఎత్తలేదు.

“నా ఖర్మ మాత్రం బాగుండాదా? మా మాధవకు సంబంధాలు చూస్తాంటిమి. చోరనూరు దావలో వాడెక్కిన లారీ బోల్తా కొట్టె. వానికి ఆ ఊర్లో ఏం పనో, దేవునికే ఎరుక! మాట పడిపోయె. కుడిచెయ్యొకటే ఆడతాది. ఎవరు పెట్టినా నోరు తెరవడు. ఇట్లయితే దక్కడని డాక్టరు చెప్పేసినాడు.” ఆమె కళ్లు తుడుచుకుంది. “నీ చేత్తో గంజి తాగినాడా, ఉండు. లేదా, సాయంత్రం బస్సుకు పో. జీతమెంత కావాల?”

“మీరేమిచ్చినా సరేనమ్మా.”

గంజి గిన్నె పట్టుకుని హనుమక్క గదిలోకి వెళ్లింది. మాధవ గోడవైపు మొహం తిప్పుకుని ఉన్నాడు. గడ్డం మాసింది. బుగ్గలు పీక్కుపోయాయి. ఈ మనిషి తాగకపోతే తన గతేం కాను? సాయంత్రం బస్సెక్కి ఏ మొహం పెట్టుకుని పోవాలి?

“రవ్వంత గంజి తాగప్పా,” అంది.

మాధవ ఉలిక్కిపడి ఇటు తిరిగాడు. ఆమెను చూశాడు. ఆమె నొసలు చూశాడు. కళ్లలో నీళ్లు తిరిగాయి. నోరు తెరిచాడు. ఒక గుటక. ఇంకొకటి. గిన్నె ఖాళీ అయింది.

గుమ్మంలో నిలబడ్డ పద్మావతమ్మ భోరుమంది. “నీ చేతిలో ఏం చలువుండాదే తల్లీ! ఉండిపో, ఈన్నే ఉండిపో!” దేవుడి గూట్లో కుంకుమ భరిణె తెచ్చి కొడుక్కి బొట్టు పెట్టింది. ఆ సంబరంలో భరిణె మంచం మీదే మరిచి, బయట సైకిలు దగ్గర నిలబడ్డ గాదిలింగప్పకు చెప్పడానికి పరుగెత్తింది.

ఆమె అటు పోగానే మాధవ ఆ ఒక్క చెయ్యీ కూడదీసుకుని ఎత్తి, భరిణెలో వేలు అద్ది, హనుమక్క బోసి నొసట బొట్టు పెట్టాడు, చోరనూరు గుళ్లో తాళి కట్టిన పొద్దు పెట్టినట్టే.