ఆఖరి బుష్షు

"ఇదీ వదులేనండి బుల్లిరాజుగారూ," అంటూ చిన్నబ్బాయి అనే రైతు తడి చేతులతో బుష్షుని తెచ్చి లేతు పక్కన బల్ల మీద పెట్టాడు. "షాఫ్టుకి తొడిగితే చేతికి పెద్దదైన గాజులా తిరిగిపోతందండి. ఇంజను వేసేమో లేదో, పంపు దడదడలాడిపోయి నీళ్లు తోడ్డం మానేసింది."

బుల్లిరాజు బుష్షుని అందుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు. నిన్నటి బుష్షూ ఇంతే. రెండూ తను డిజిటల్ వెర్నియర్‌తో కొలిచి, అంకెలు కళ్లారా చూసి కోసినవే. బావమరిది దుబాయి నుంచి తెచ్చిన వెర్నియర్ అది. అది వచ్చిన సంబరంలో, అరిగిపోయిన పాతదాన్ని పాత ఇనుము బండివాడికి ఇచ్చేశాడు. ఇప్పుడు ఆ తొందరపాటుకి తన చెంప తనే వాయించుకోవాలనిపించింది.

"షాఫ్టు ఊడదీసి తెమ్మన్నాను కదండీ. దానికి తొడిగి చూసుకుంటూ కోసేవాణ్ని."

"ఊడితే కదండీ. తుప్పు పట్టి పంపుకే అతుక్కుపోయింది. నలుగురం లాగినా కదల్లేదు." చిన్నబ్బాయి చేతులు జోడించాడు. "చేను ఈనిందండి. ఈ వానకి కంకులన్నీ నీళ్లలో ఉన్నాయి. ఇవాళ నీళ్లు తియ్యకపోతే గింజ కుళ్లిపోద్ది. ఏడాదంతా తినేది అదేనండి మేం. మీరే ఏదో ఒకటి చెయ్యాలి."

అలమారలో మిగిలింది ఒకే ఒక్క బుష్షు. పైకొలత తయారై వస్తుంది, లోపలి బెజ్జం మాత్రం లేతు మీద కోసుకోవాలి. ఒక్క పిసరు ఎక్కువ కోస్తే ఇక ఆ బుష్షు ఎందుకూ పనికిరాదు. ఇంకొకటి కావాలంటే రాజమండ్రి నుంచి రావాలి. వాన దెబ్బకి కొత్తపేట నుంచి బస్సులే కదలడం లేదు.

"కూర్చోండి చిన్నబ్బాయిగారూ, ఇప్పుడే వస్తాను," అని వెర్నియర్‌ని ప్లాస్టిక్ సంచిలో చుట్టుకుని, గొడుగైనా లేకుండా వానలోనే పరుగెత్తాడు.

బస్టాండు దగ్గర టీవీలు బాగుచేసే ఏసుపాదం కొట్టు సగం మూసి ఉంది. బుల్లిరాజు తలుపు తోసుకుని లోపలికి వెళ్లి, వెర్నియర్ అతని చేతిలో పెట్టి దండం పెట్టినంత పనిచేశాడు.

"ఇలాంటిది నేనెప్పుడూ విప్పలేదండి," అన్నాడు ఏసుపాదం.

"మీరు కాదంటే నాకింకో దిక్కు లేదండి. రెండు బుష్షులు పాడుచేసేను. ఆ రైతు నా కొట్లో కూర్చునున్నాడు."

ఏసుపాదం కళ్లజోడు సర్దుకుని, వెర్నియర్ దవడలు రెండూ దగ్గరికి జరిపి, దాని మూతి పూర్తిగా మూసి అంకెలకేసి చూశాడు. "ఇదిగోండి జబ్బు. మూతి మూస్తే సున్నా చూపించాలి. ఇది సున్నాకంటే కిందకి చూపిస్తంది. అంటే మీరేం కొలిచినా ఉన్నదానికంటే తక్కువే చెప్తదన్నమాట."

"అందుకేనా... ఇంకా చాల్లేదు, ఇంకా చాల్లేదనుకుని ఎక్కువ కోసేసేను."

"ఈ గుండ్రటి మీట ఉంది చూడండి, మూతి మూసి నొక్కితే సున్నా అవుద్ది. కాస్త తెరుచుకున్నప్పుడు ఎవరైనా నొక్కేరనుకోండి, అదే సున్నా అనుకుంటది."

"నేను తప్ప దాన్ని ఎవరూ ముట్టుకోరండి. నేనా మీట జోలికే పోను."

"అయితే చెమ్మ చేసిన పనే అయ్యుంటది. ఏం వానండీ బాబూ," అని ఏసుపాదం దాని వెనకరేకు విప్పి, బల్బు వేడికి ఆరబెట్టి, కొత్త బ్యాటరీ వేశాడు. మూతి మూసి మీట నొక్కాడు. సున్నా వచ్చింది. కొట్లో ఉన్న కొత్త ఫ్యాను బేరింగుని కొలిస్తే, దాని పెట్టె మీద అచ్చువేసిన కొలతే అంకెల్లో కనిపించింది. బుల్లిరాజు ప్రాణం లేచొచ్చింది.

ఇంటిముందే లేతు షెడ్డు. బుల్లిరాజు నిలువునా తడిసి వచ్చేసరికి భార్య వీరలక్ష్మి గుమ్మంలోనే ఎదురైంది. "ముందు తల తుడుచుకోండి, జ్వరమొస్తే ఎవరు చూస్తారు," అని తువ్వాలు చేతికిచ్చి, సంచి తీసుకుంది.

అతను బట్టలు మార్చుకుని, ఆఖరి బుష్షుని లేతుకి బిగించాడు. చిన్నబ్బాయి గోడకి ఆనుకుని, గుడిలో నిలబడినట్టు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. వీరలక్ష్మి వెర్నియర్‌ని రెండు చేతులతో తెచ్చి భర్తకి అందించింది.

ఆ పంపు షాఫ్టు కొలత బుల్లిరాజుకి కంఠతా వచ్చు. ఇంత కోసి, లేతు ఆపి, కొలిచాడు. చాల్లేదు. మళ్లీ ఇంత కోసి మళ్లీ కొలిచాడు. ఆ అంకెలు తప్ప అతనికి ఇంకేమీ కనబడటం లేదు. ఇది కూడా పోతే ఈ మనిషి మొహం మళ్లీ ఎలా చూడాలన్న భయం ఒక్కటే లోపల తిరుగుతోంది. ఆఖరికి కావలసిన అంకె వచ్చి నిలిచింది. ఠక్కున లేతు ఆపేశాడు.

"తీసుకెళ్లండి. ఇంక భయం లేదు."

"ఆయ్, మీ రుణం ఉంచుకోనండి," అంటూ చిన్నబ్బాయి బుష్షుని తువ్వాల్లో చుట్టి, చంటిపిల్లని ఎత్తుకున్నట్టు గుండెకి అదుముకుని వానలోకి దిగిపోయాడు.

బుల్లిరాజు స్టూలు మీద కూలబడ్డాడు. కళ్లలో నీళ్లు తిరిగాయి. తుడుచుకోవడానికి కూడా ఓపిక లేదు. "ఈసారి కొలత తప్పదే వీరలక్ష్మీ," అన్నాడు.

"ఎందుకు తప్పుద్దండీ," అంది వీరలక్ష్మి తృప్తిగా. "ఆయుధపూజనాడు చేసినట్టే, దాని మూతిలో బంతిరేకు పెట్టి, ఆ గుండ్రటి మీట మీద గట్టిగా అదిమి కుంకంబొట్టు పెట్టి, ఆ తర్వాతే రేకు తీసి మీ చేతికిచ్చేను."