రెండు వందల పన్నెండు మంది

“మీ పాటలు ఎంతమంది విన్నారమ్మా?” అని శశికాంత్ అడిగాడు.

శ్రీవిద్య భయపడింది ఈ ప్రశ్నకే. యూట్యూబ్‌లో ఆమె పెట్టినవి ఆరు పాటలు. అంకె చెప్పడానికి నోరు రాలేదు. శశికాంత్ ల్యాప్‌టాప్ తన వైపు తిప్పుకుని తనే చూశాడు.

“అన్నిటికంటే ఎక్కువ విన్న పాట ఇది. రెండు వందల పన్నెండు మంది” అని పైకి చదివాడు. కాగితం మీద రాసుకున్నాడు.

“ఈసారి వ్యూస్ లెక్కలోకి తీసుకోబోమన్నారు కదండీ?”

“తీసుకోం. ఊరికే రికార్డు కోసం.”

ఏటా ఇచ్చే ఈ పాటల అవార్డుల మీద కాలిఫోర్నియా బే ఏరియా తెలుగువాళ్లలో ఎప్పుడూ గొడవే. బాగా పాడేవాళ్లకు కాదు, ఫాలోవర్లున్నవాళ్లకు ఇస్తున్నారని వాట్సాప్ గ్రూపుల్లో తిట్టుకుంటారు. రెండేళ్లుగా గెలుస్తున్నది నమ్రత. ఆమె పాటలు లక్షల మంది వింటారు. ఆమెకు శ్రుతి నిలవదని ఆ లక్షల్లో కొందరికి తెలుసు. అందుకే నిర్వాహకుడు శశికాంత్ ఈ ఏడు రెండు అవార్డులు ప్రకటించాడు. ఒకటి ఆదరణకు. ఒకటి గాత్రానికి. రెండోదానికి వ్యూస్‌తో పని లేదన్నాడు.

శ్రీవిద్య పద్నాలుగేళ్లు సంగీతం నేర్చుకుంది. సన్నీవేల్ వచ్చి ఆరేళ్లయింది. ఇక్కడ ఆమె పాట ఎదురుగా కూర్చుని విన్నది ఇద్దరే. భర్త తేజేశ్వర్, కూతురు మేధ. ఈ గొంతు శ్రీవిద్యది అని నలుగురూ అనాలి. ఆమెకు కావాల్సింది అదొక్కటే.

“లింక్ మా ఆఫీస్ తెలుగు గ్రూప్‌లో షేర్ చేస్తా విద్యా. రెండ్రోజుల్లో ఐదు వేలు దాటిస్తా” అన్నాడు తేజేశ్వర్ ముందు రోజు.

“అడుక్కుని వినిపించే ఖర్మ నాకేం పట్టలేదు. గొంతు చూసే ఇస్తామన్నారుగా.”

అలా వచ్చింది బే ఏరియాలోనే ఉన్న డబ్లిన్‌లోని ఈ స్టూడియోకి. ఆమె కంటే ముందు లోపలికి వెళ్లినామె ఐదు నిమిషాల్లో బయటికొచ్చింది. “ముప్ఫై వేల ఫాలోవర్స్ అని చెప్పా. థాంక్యూ అన్నారు. పాడమని కూడా అడగలేదు తెలుసా!” అంటూ కారు తాళాలు వెతుక్కుంది. ఈసారి నిజంగానే పద్ధతి మార్చారని శ్రీవిద్య అనుకుంది.

శశికాంత్ అడుగుతూనే ఉన్నాడు.

“గుళ్లో, అసోసియేషన్ ప్రోగ్రామ్స్‌లో ఎప్పుడైనా పాడారా?”

“అవకాశం రాలేదండి.”

“పిల్లలకి క్లాసులు?”

“లేదండి.”

“వీసా?”

“హెచ్-ఫోర్, మావారి మీద డిపెండెంట్. వర్క్ చేయడానికి లేదు.”

“మంచిది” అన్నాడు.

రికార్డింగ్ గదిలోకి తీసుకెళ్లి తలుపు వేశాడు.

“శ్రుతి పెట్టుకోవచ్చా అండీ?”

“వద్దమ్మా. గొంతు ఒక్కటే కావాలి.”

ఒక కీర్తన పాడించాడు. తర్వాత గుణింతాలు చదవమన్నాడు. క నుంచి మొదలుపెట్టి, ఒక్క అక్షరం వదలకుండా, మూడు కాలాల్లో. ఉచ్చారణ పరీక్ష అన్నాడు. ఇక్కడ పుట్టిన పిల్లలకు ళ పలకదని శ్రీవిద్య తరచూ అంటుంది. తనకు పలుకుతుంది. ఒత్తి మరీ పలికింది.

“ఇలా విని ఎన్నేళ్లయిందో” అన్నాడు శశికాంత్.

అవే అక్షరాలు గుసగుసగా చదివించాడు. ఏడుపు గొంతుతో చదివించాడు. “ఒకసారి నవ్వండి” అన్నాడు. ఎందుకని అడగబోయి, నవ్వింది. అంతా అయ్యేసరికి మూడు గంటలు పట్టింది.

చివర ట్యాబ్ ఇచ్చాడు. పదహారు పేజీలు.

“అందరూ చేసేదే. స్టాండర్డ్ ఫామ్.”

వేలితో సంతకం చేసింది.

గాత్ర అవార్డు ఆమెకే వచ్చింది. శనివారం మధ్యాహ్నం ఒక స్కూల్ ఆడిటోరియంలో ఇచ్చారు. పాడమంటారని శ్రుతి పెట్టె తెచ్చుకుంది. ఎవరూ అడగలేదు. మొదటి రెండు వరుసల్లో చప్పట్లు వినిపించాయి. ఆదరణ అవార్డుకు నమ్రత వేదిక ఎక్కినప్పుడు హాలంతా లేచి నిలబడింది.

“కళకు ఒకటి, జనానికి ఒకటి. ఇక గ్రూపుల్లో కొట్టుకోకండి బాబూ” అన్నాడు శశికాంత్ మైకులో. అందరూ నవ్వారు.

మెట్లు దిగుతుంటే నమ్రత ఆమె చెయ్యి పట్టుకుంది.

“కంగ్రాట్స్ అక్కా. మీ గుణింతాలు సూపర్. ఆ ళ నాకు ఈ జన్మలో రాదు.”

“మీరెక్కడ విన్నారు?”

నమ్రత చెయ్యి వదిలి ఫొటోలకు వెళ్లిపోయింది.

మూడు వారాల తర్వాత శ్రీవిద్య మేధను స్కూల్‌కి తీసుకెళ్తోంది. కార్లో తెలుగు రేడియో పెట్టింది. నమ్రత కొత్త పాటను రెండు రోజుల్లో పది లక్షల మంది విన్నారని యాంకర్ చెప్పింది. పాట మొదలైంది.

“అమ్మా, ఇది ఎప్పుడు పాడావ్? నాకు చెప్పలే?” అంది మేధ వెనక సీట్లోంచి.

శ్రీవిద్య ఆ పాట ఎప్పుడూ పాడలేదు. కారు పక్కకు ఆపింది. రేడియోలో ఆ గొంతు ళ ఒత్తి పలికింది. రెండో చరణంలో ఒక నవ్వు వచ్చింది. అది ఆమె నవ్వు.

శశికాంత్‌కు ఫోన్ చేసింది. అతను కాదనలేదు.

“పదకొండో పేజీ చదవలేదా అమ్మా? ఆ రికార్డింగ్ మాది. దాన్ని కంప్యూటర్‌కి ఇస్తే అది మీ గొంతుతో ఏ పాటైనా పాడుతుంది. ఎవరి పేరు పెట్టుకోవాలన్నది మా ఇష్టం.”

“ఊరుకుంటాననుకున్నారా? అది నా గొంతు. ఇదివరకు నన్ను విన్నవాళ్లు గుర్తుపట్టరా?”

శశికాంత్ గొంతు పెంచలేదు.

“విన్నవాళ్లు రెండు వందల పన్నెండు మందే అని చూసుకున్నాకే కదమ్మా, మీకు అవార్డు ఇచ్చింది.”