గోడ మీద మసిరెక్క

"ఆగినవేంది బిడ్డా, సదువు," అంది జములమ్మ.

శ్రుతి పుస్తకాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. వెనుక అట్ట లేదు.

"చివరి కాగితాలు పోయినయ్."

కాయ తెంపుతున్న చేతులన్నీ ఆగిపోయాయి.

అది వనపర్తి గ్రంథాలయం నుంచి శ్రుతి తెచ్చుకున్న నవల. బొమ్మల కథల్లో ముసుగు దొంగగా, సగం చెడ్డదిగా కనిపించే మసిరెక్క పదహారేళ్ల పిల్లగా ఉన్నప్పటి కథ. కాలేజీకి సెలవు కావడంతో, పల్లికాయ తెంపే కూలీల నడుమ కూర్చుని పొద్దున్నుంచీ పైకి చదువుతోంది. వింటున్నంతసేపూ ఎవరికీ నడుము నొప్పి గుర్తురాలేదు.

ఆ నవలలో మసిరెక్క ఒక ఇంట్లో హారం దొంగిలించి గోడ ఎక్కింది. నేరం ఆ ఇంటి పనిపిల్ల మీద పడింది. పిల్ల ఏడుపు గోడ మీదికి వినబడుతోంది.

అక్కడితో సరి.

తెలకపల్లి వైపు నుంచి మబ్బు కమ్ముకొస్తోంది. జములమ్మ కొంగు దులుపుకొని లేచింది.

"వానొచ్చేటట్టున్నది. పోదాం పాండ్రి."

శ్రుతి తల్లి యాదమ్మ ఇంటి ముందున్న కుప్ప వైపు చూసింది. పీకిన చెట్లు ఇంకా నడుమెత్తు ఉన్నాయి. తెంపిన కాయనైతే సంచులకెత్తి ఇంట్లో వేయవచ్చు. చెట్టునున్న కాయ తడిస్తే నల్లబడుతుంది. కౌలు చేను, ఈ యాసంగికి వాళ్లకున్నది ఆ కుప్పే.

"జర కూసోండ్రి జములక్కా. చాయ్ పెడ్త."

"చాయ్‌తోని ఏమైతది యాదమ్మా? పాపం పనిపిల్లను దొంగను జేసి నడుమల ఇడిసిపెడ్తిరి. ఇగ చెయ్యెట్లాడుతది?"

"నేను చెప్పనా?"

అందరూ అటు తిరిగారు. రోడ్డు మీద జీపు టైరు పంచరైతే నీళ్లకని వచ్చిన ఆమె. పుణెకు ఇల్లు కట్టే పనికి పోతోందట. తాగిన చెంబు పక్కన పెట్టి, ఎవరూ అడగకుండానే ఒక చెట్టు అందుకొని కాయ తెంపుతోంది.

"నీకెట్ల తెల్సు?" అంది శ్రుతి.

"పుణెల మా సేటు బిడ్డ సదువుతుంటె ఇన్న."

"పుణెల తెలుగు పుస్తకమా?"

"దొంగ ఏ భాషలనన్న దొంగనే గద బిడ్డా."

జములమ్మ నవ్వింది. శ్రుతి నవ్వలేదు. వచ్చినామె కథ ఎత్తుకుంది.

"గోడ మీద కూసున్నది. హారం సంచిల ఉన్నది. ఎవ్వరు చూడలె. దుంకితె బతికిపోతది. గని కాళ్లు కదుల్తలెవ్వు. ఎందుకు?"

"ఎందుకు?" జములమ్మ మళ్లీ కూర్చుంది.

"ఊకె కూసుంటె చెప్ప. తెంపు, చెప్త."

చేతులు కదిలాయి. మసిరెక్క గోడ దిగింది, బయటికి కాదు, లోపలికి. కుక్క తరిమితే వడ్ల గుమ్మిలో దూరింది. గుమ్మిలోంచి తెల్లగా దుమ్ము కొట్టుకొని లేస్తే, ఇంటి ముసలమ్మ ఆమెను ఎప్పుడో చచ్చిపోయిన తన ఆడబిడ్డ అనుకుంది. పీట వేసి పెరుగన్నం పెట్టింది.

"తిన్నదా?"

"తినకుంటె ఆడబిడ్డ అలుగుతది గద. ఇంకింత మామిడి తొక్కేయుమన్నది."

ఆడవాళ్లు పొట్టలు పట్టుకున్నారు. కాయ మాత్రం గంపల్లో పడుతూనే ఉంది.

"గింత కథ పోయిన నాలుగు కాగితాలల్ల ఎట్ల పడుతది?" అంది శ్రుతి.

"నువ్వు ఊకో," అన్నారు అందరూ.

రోడ్డు మీద హారన్ మోగింది. "అక్కా, టైరేసినం, రా," అని డ్రైవర్ కేకేశాడు.

ఆమె కుప్ప వైపు ఒకసారి చూసింది.

"ఉండు తమ్మీ. ఇంకింత ఉన్నది."

కథలో ముసలమ్మకు కునుకు పట్టలేదు. మసిరెక్కకు దారి దొరకలేదు. ఇటు వాకిట్లో మట్టి వాసన లేచింది. అప్పుడు కథ పరుగందుకుంది, దానితో పాటు చేతులూ. చివరి చెట్టు ఆమె చేతికే వచ్చింది.

"హారం తీస్కపోయి ఇంటామె తలకు పెట్టుకునే మెత్త కింద పెట్టింది. మరి ఉత్త చేతులతోని పోతె దొంగెట్లయితది?"

"ఇంకేం ఎత్తుకపోయింది?"

"పనిపిల్లను."

ఉత్త చెట్టును పక్కకు విసిరి ఆమె లేచింది.

నవ్వులతోనే సంచులు ఇంట్లోకి చేరాయి. చివరి సంచి గడప దాటాక వాన దిగింది. యాదమ్మ బయటికి చూసేసరికి జీపు లేదు.

"అయ్యో, ఆమె కొంగుల పిడికెడు కాయన్న పొయ్యకపోతిమి. పేరన్న అడగకపోతిమి."

తర్వాతి వారం శ్రుతి పుస్తకం తిరిగిచ్చింది.

"చివరి కాగితాలు ఎవరో చింపిండ్రు సార్."

గ్రంథపాలకుడు శివశంకర్ పుస్తకం తిప్పి చూశాడు. బీరువాలోంచి అట్ట చెడని మరో ప్రతి తీసి ఆమె ముందుంచాడు.

"చింపలేదమ్మా. అట్టొక్కటే ఊడింది. కథ గోడ మీదిదాకనే ఉన్నది. మిగతాది ఇంకా రాస్తనే ఉన్నరంట."

శ్రుతి ఆ ప్రతి చివరి కాగితం తిప్పి చూసింది. తర్వాత తనలో తాను నవ్వుకుంది. కథ చెప్పినంతసేపూ ఆ జీపామె పుస్తకం వైపు చూడలేదు, తమ ముఖాల వైపూ చూడలేదు, కుప్పనే చూసింది.

రాసినవారి దగ్గర మసిరెక్క ఇంకా గోడ మీదే ఉంది. దాన్ని దింపి, కుప్ప ఎంతుంటే కథను అంత చేసినామె, ఒక చెంబు నీళ్లు తాగి వెళ్లిపోయింది.