ఐదో నంబరు ట్యూబు

"నా తువ్వాలుతో మొహం తుడుచుకున్నది ఎవరు?"

కోడలు ఆ తువ్వాలును రెండు వేళ్లతో అంటీ అంటనట్టు పట్టుకొని హాల్లోకి తెచ్చింది. మధ్యలో అరచేయంత జిడ్డు మరక. దానికి అతుక్కుని రెండు వెంట్రుకలు.

"నేనే వదినా," అంది ఆడపడుచు, బూట్లు విప్పుతూ. "కళ్లు మండిపోతుంటే చేతికి దొరికిందాంతో తుడిచేశాను."

"దాని మీద నా పేరు కుట్టి ఉంది."

"కళ్లు మూసుకుపోయి ఉంటే పేరెలా చదవను?"

సోఫాలో మామగారు పేపరు దించకుండానే చీదరించుకున్నారు. "ఛీ! మొహాలకి ఆ పూతలేమిటో, ఆ జిగురేమిటో! ఈ ఇంట్లో తలుపు గడియ ముట్టుకోవాలన్నా రోత పుడుతోంది."

ఆయన అన్నదాంట్లో తప్పు లేదు. తలుపు గడియ, రిమోటు, ఫోను, దిండు గలీబు, అన్నిటి మీదా అదే జిడ్డు. నిన్న గ్లాసు అంచున తెల్లటి పెదవి ముద్ర చూసి కోడలు దాన్ని మూడుసార్లు తోమింది.

ఆడపడుచు భూముల సర్వేయరు. పొద్దున్నించి సాయంత్రం దాకా ఎండలో నిలబడే పని. నెల కిందట ఆమె ముక్కు మీద, చెంపల మీద చర్మం ఉల్లిపొరలా లేచింది. రోజూ సన్‌స్క్రీన్ రాసుకో, లేదంటే నీడలో కూర్చో అన్నాడు డాక్టరు. అది తెలిసి ఆఫీసు వాళ్లు పటాలు సర్దే బల్ల పని ఇస్తామన్నారు. నెలాఖరులోగా జవాబు చెప్పాలి.

"నాలుగ్గోడల మధ్య కూర్చోబెడితే నేను బతకలేను వదినా. కానీ ఇది రాసుకుంటే పదింటికల్లా చెమటతో కలిసి కళ్లలోకి దిగుతోంది. దుమ్మంతా మొహానికే. నిన్న చెంప మీద వాలిన ఈగ మళ్లీ లేవలేకపోయింది, తెలుసా? నేనే పీకి..."

"చాలు, ఆపు తల్లీ!"

కోడలు ఆ క్రీమును తన ముంజేతికి రాసి చూసింది. ఇసుకలో నీళ్లలా ఇంకిపోయింది. ఆడపడుచు చేతికి రాసింది. వెన్నలా పైనే తేలింది.

"క్రీము చెడ్డది కాదు. నాలాంటి పొడి చర్మానికి, చలి ఊళ్లకి చేసింది. నీది జిడ్డు చర్మం, మనది సముద్రపు ఉక్కపోత. నీకు పలచగా, జెల్‌లా ఉండేది కావాలి."

"జెల్ కొన్నాను, స్ప్రే కొన్నాను, ఏవేవో కొన్నాను. నచ్చనివన్నీ స్నానాల గది అల్మరాలో పడేశాను. ఎన్నో నాకే తెలీదు."

కోడలు డిగ్రీలో రసాయనశాస్త్రం చదివింది. ఏ పనైనా పద్ధతిగా చెయ్యాలి. పేరూ ఖరీదూ చూస్తే మనసు ఒక పక్కకి మొగ్గుతుంది; అందుకని ఏది ఏదో ఎవరికీ తెలియకూడదు, తనకి కూడా. భర్తను పిలిచి, అల్మరాలో ఉన్న ట్యూబులన్నిటికీ తెల్లకాగితం చుట్టి, నంబర్లు వేసి, మళ్లీ అక్కడే పెట్టమంది. అతను పళ్లు తోముకుంటూనే ఆ పని కానిచ్చేశాడు. మొత్తం ఏడు. వంటింటి డబ్బాల నుంచి చీపురుకట్టల దాకా చీటీలు అంటించి ఉండే ఇల్లు కాబట్టి ఎవరూ వింతగా చూడలేదు.

రోజుకొకటి. సాయంత్రం గుమ్మంలోనే విచారణ.

ఒకటో నంబరు సున్నం కొట్టిన గోడ. రెండోది సైకిల్ చైను గ్రీజు. మూడోది చెమట పట్టగానే రబ్బరు పొట్టులా ముద్దలు ముద్దలుగా రాలింది. కొంత అన్నం డబ్బాలోనే పడింది. నాలుగో దాని వాసన నానిన మేజోళ్లని తలపించింది.

ఐదో రోజు ఆడపడుచు నవ్వుతూ వచ్చింది.

"వదినా, ఇదే! కాస్త మందు వాసన, అంతే. రాయగానే చల్లగా ఉంది. మంట లాగేసింది. చెమటకి కారనే లేదు."

కోడలు ఆమె చెంప మీద పల్చటి కాగితం అద్ది, వెలుగుకి పట్టి చూసింది. జిడ్డు చుక్క లేదు. అయినా తొందరపడలేదు. ఆరు, ఏడు కూడా అయ్యాక మళ్లీ నాలుగు రోజులు ఐదే రాయించింది. రోజూ ట్యూబు ఎంత తరిగిందో చూసింది. లెక్క ప్రకారం తరగాల్సిన దానికి రెట్టింపు తరుగుతోంది. పైకి చెప్పేదానికంటే ఈ పిల్లకి ఎక్కువే నచ్చినట్టుంది, చాటుగా ఇంకోసారి పూసుకుంటోంది కాబోలు అనుకుని లోలోపల నవ్వుకుంది.

ఆదివారం మధ్యాహ్నం నలుగురూ భోజనానికి కూర్చున్నారు.

"బల్ల పని నాకొద్దని ఆఫీసుకి రాసి పంపేశాను," అంది ఆడపడుచు. "ఇక ఎప్పటిలాగే ఎండలోనే."

"శభాష్!" అన్నాడు అన్న. "ఈగలకి కబురు పెట్టావా?"

"ఈగలేం వాలవు. వదిన ఉంది."

కోడలు గర్వంగా లేచి వెళ్లి ఐదో నంబరు ట్యూబు తెచ్చి బల్ల మీద పెట్టింది. అడుగు నుంచి మెడ దాకా చుట్ట చుట్టి పిండేసి ఉంది.

"ఇది అయిపోవచ్చింది. కాగితం విప్పి పేరు చూసి, సాయంత్రమే ఇంకోటి తెప్పిస్తాను."

మామగారు నోటి దాకా తెచ్చిన ముద్దను ఆపారు. ట్యూబును చూశారు. కూతురి మొహం చూశారు. ముద్ద మళ్లీ కంచంలో పెట్టేశారు.

"ఒకటి కాదమ్మా, రెండు తెప్పించు," అన్నారు మెల్లగా, "ఒకటి దాని మొహానికి, ఇంకోటి విడిగా నా మొలలకి."