పిల్లలు పడుకున్నాక

శుక్రవారం సాయంత్రానికి కొత్త క్లిప్ రాకపోతే బీప్ ఐటమ్ ఎత్తేస్తానన్నాడు డైరెక్టర్. ఐటమ్‌తో పాటు నిన్ను కూడా, అని కలిపాడు. కత్తెర తలూపాడు.

కత్తెర ఆ కేబుల్ చానల్లో ఎడిటర్. అసలు పేరేమిటని అక్కడ ఎవరూ అడగలేదు, అతనూ చెప్పలేదు. ‘పిల్లలు పడుకున్నాక’ అనే కార్యక్రమం అతని చేతిలో పడ్డాకే అసలైన పెద్దల కార్యక్రమం అయింది. పెళ్ళాన్ని తాకట్టు పెట్టే మొగుడు, మామగారి శవం బరువు మీద బేరమాడే అల్లుడు, గుడ్డివాడికి దారి తప్పించే పోలీసు. ఆ గంటసేపు దేని మీదైనా నవ్వొచ్చు. జనం చెప్పులతో పాటు సిగ్గు కూడా గుమ్మం బయటే వదిలి టీవీ ముందు కూర్చునేవారు.

అన్నిట్లోకీ బీప్ ఐటమ్‌కే గిరాకీ. ప్రేక్షకులు ముచ్చటపడి పంపిన ఇంటి వీడియోల్లో, మంచి మాటల మీద కత్తెర బీప్ వేసేవాడు. పదవీ విరమణ సభలో ఓ మాస్టారు, “ఇన్నేళ్ళలో మా ఆవిడ నా పుస్తకాలు ఒక్కసారి కూడా ముట్టుకోలేదు” అన్నాడు. పుస్తకాలు పోయి బీప్ మిగిలింది. మర్నాటి నుంచి మాస్టారు బజారుకెళ్ళే దారి మార్చుకున్నాడు.

కత్తెర సూత్రం ఒకటే. ఏం చేశారన్నది మూయకూడదు, దేన్ని చేశారన్నది మూయాలి. మిగతాది చూసేవాడి బుద్ధే పూరించుకుంటుంది.

కానీ జనం తెలివిమీరారు. వీడియోలు పంపడం మానేశారు. ఐటమ్‌కి ఊపిరాడటం లేదు.

కత్తెర పనిలో రాక్షసుడని చెప్పాలి. సీజన్ మొదలయ్యాక సెలవు మాటెత్తలేదు. ఎడిటింగ్ మధ్యలో ఫోన్ మోగితే కోసేసేవాడు. అదే నంబరు రోజూ మోగినా అంతే. పేరు నిలబెట్టుకున్నావయ్యా అని డైరెక్టర్ మెచ్చుకునేవాడు కూడా.

అలాంటివాడు ఆ బుధవారం ఒక పూట సెలవడిగాడు. ఇల్లు కాలి ఒకడు ఏడుస్తుంటే చుట్టకు నిప్పడిగాట్ట నీలాంటివాడే, అని డైరెక్టర్ విసుక్కున్నాడు. క్లిప్ కోసమే తిరుగుతాడేమోనని చివరికి వదిలాడు.

శుక్రవారం క్లిప్ వచ్చింది.

తెర మీద ఆసుపత్రి మంచం. పక్కన మందుల బల్ల, దాని మీద మూతలేని ఫ్లాస్కు. దిండుకి ఆనుకున్న ఓ ముసలావిడ, వీడియో తీస్తున్న నర్సుతో ఓపిక కూడదీసుకుని మాట్లాడుతోంది.

“ఒకప్పుడు బీప్‌ని పక్కలో పెట్టుకుంటేగానీ నాకు నిద్ర పట్టేది కాదమ్మా. ఇప్పుడు బీప్‌ని తాకి ఎన్నాళ్ళయిందో, చెయ్యి మరిచిపోయింది.”

నర్సు గొంతు వినిపించింది. “అంత ఆశ పెట్టుకోకండి అమ్మమ్మా.”

“ఒక్కసారి బీప్‌ని గట్టిగా పట్టుకోనివ్వు తల్లీ, చాలు. హాయిగా పోతాను.”

డైరెక్టర్ కడుపు పట్టుకుని కుర్చీలోంచి జారాడు. కళ్ళనీళ్ళు తుడుచుకుని మళ్ళీ పెట్టించుకున్నాడు. మూడోసారికి గానీ అతనికి భయం వేయలేదు.

“ఆవిడ ఊరుకుంటుందా?”

“పోయారు సార్.”

“ఇంట్లోవాళ్ళో?”

“ఒక్కడే ఉన్నాడు. వాడు నోరెత్తడు.”

“అంత నమ్మకమేంటయ్యా?”

“వాడి సంగతి నాకు తెలుసు సార్. వాడూ బతకాలిగా.”

శనివారం ఊరు ఊరంతా నవ్వింది. ఆదివారానికి ఆ మాట వీధినపడింది. బస్సులో కడ్డీ కోసం చెయ్యి చాపిన ముసలామెకు దారివ్వమని చెబుతూ కండక్టర్, “ఒక్కసారి గట్టిగా పట్టుకోనివ్వండయ్యా” అన్నాడు. బస్సు గొల్లుమంది. ఎందుకు నవ్వుతున్నారో తెలియక ఆమె కూడా నవ్వింది. చానల్ ఓనరు స్వయంగా ఫోన్ చేశాడు. ఐటమ్ నిలిచింది, కత్తెర ఉద్యోగమూ నిలిచింది. ఎడిటింగ్ గదిలోకి కొత్త మెత్తటి కుర్చీ వచ్చింది.

సోమవారం డైరెక్టర్ వచ్చి ఆ కుర్చీలో తనే కూర్చున్నాడు. ముసలావిడతో రెండో భాగం చేయాలన్నాడు. బీప్‌లు తీసేసి అసలు ముక్క వినిపించమన్నాడు. అసలుది చెరిపేశానన్నాడు కత్తెర. ఏ ముక్కనూ పారెయ్యని మనిషి అలా అంటే డైరెక్టర్ నమ్మలేదు. తనే ముందుకు వంగి బీప్ ట్రాక్ ఆపేశాడు.

ముసలావిడ మళ్ళీ మొదటినుంచి మాట్లాడింది. ఈసారి మాటల మధ్య ఖాళీలు లేవు. బీప్ ఉన్న చోటల్లా ఒకటే మాట. అదొక పేరు, మగవాడి పేరు. ఆ పేరు దగ్గరికి వచ్చినప్పుడల్లా ఆవిడ గొంతు కొంచెం మెత్తబడింది.

డైరెక్టర్ మొహం చప్పబడింది. ఇందులో నవ్వడానికేమీ లేదు.

“కొడుకు పేరు కాబోలు. ఆఖరి చూపుకి కూడా వెళ్ళలేదన్నమాట. ఎంత నీచుడయ్యా వాడు.”

“అవును సార్,” అన్నాడు కత్తెర, బీప్ ట్రాక్ మళ్ళీ పెడుతూ.

రెండో భాగం పనికిరాదని తేల్చి, డైరెక్టర్ టీకి లేచాడు.

కత్తెర అసలు పేరు ఆఫీసులో ఎవరికీ తెలియకపోవడం అలా కలిసొచ్చింది.