నిప్పు చూడని రంగు

“గొట్టం గిట్ల పొక్కులు లేస్తే, రంగేసిన దాన్ని గాక ఇంకెవర్ని పట్టుకోవాలె?” అని గద్దించాడు మేనేజర్ పట్టాభిరామయ్య.

బాలనర్సమ్మ తలెత్తి చూసింది. బాయిలర్ పొగగొట్టానికి నాలుగు రోజుల కింద తన చేత్తో వేసిన వెండిరంగు. పొద్దున బాయిలర్ ముట్టించి గంట కాలేదు, అప్పుడే నల్లగా మాడి పెచ్చులు పెచ్చులుగా రాలుతోంది. గుండ్లపోచంపల్లి కంపెనీల్లో ఆడవాళ్లను పిలిచేది తుప్పు గీకడానికే. బ్రష్షు పట్టి గొట్టమెక్కే ఆడమనిషి ఆమె ఒక్కతే. ఇవాళ దొంగ అనిపించుకుని గేటు దాటిందంటే మేడ్చల్ దాకా ఏ కంపెనీవాడూ మళ్లీ ఆమె చేతికి బ్రష్షు ఇవ్వడు. ఆ సంగతి ఆమెకూ తెలుసు, ఎదురుగా గుమిగూడిన ఇరవై మంది పనివాళ్లకూ తెలుసు.

ఓనరు కృష్ణారావు కుర్చీలో కూర్చుని గొట్టం వైపే చూస్తున్నాడు. ఆయన ఒళ్లో మేనేజరు ఇచ్చిన లడ్డూల పొట్లం ఉంది. పట్టాభిరామయ్యకు ఆ పొద్దునే కౌకూర్‌లో గృహప్రవేశం. గొట్టం సంగతి ఫోన్లో వినగానే కొత్త తెల్ల చొక్కాతో, నుదుటి కుంకుమతో, అట్లాగే జీపెక్కి వచ్చి ఓనరు పక్కన నిలబడ్డాడు. బాధ్యత గల మనిషి మరి!

“సార్, డబ్బా మీదేమో మంటకు తట్టుకునే వెండిరంగని రాసుంది. లోపల చూస్తే సాదా వెండిరంగు. మంచిది అమ్ముకున్నది సార్ ఈమె.”

“నేనెందుకు అమ్ముకుంట?” బాలనర్సమ్మ గొంతు బాయిలర్ రొదను మించిపోయింది. “స్టోర్ల అంజన్న ఇచ్చిన డబ్బ ఇచ్చినట్టే ఏసిన. నా చేతికొచ్చేటప్పటికే మూత తీసి ఉండె!”

స్టోరు చూసుకునే అంజయ్య ఎగిరిపడ్డాడు. “ఓ నర్సక్కా, నా మీదికి తొయ్యకు! షెల్ఫుల ఉన్నది ఉన్నట్టే ఇచ్చిన. మూత సంగతి నాకేం ఎర్క?”

“ఎర్క లేదా? రంగు తేడాగ ఉన్నదని నీకే గద జెప్పిన! ఆడిదానివి, నీకేం దెలుస్తది, ఏసెయ్ అన్నవా లేదా?”

అంజయ్య పనివాళ్ల వెనక్కి జరిగాడు.

“తేడా ఎట్లా తెలిసింది?” అన్నాడు ఓనరు.

ఆ ఒక్క ప్రశ్న చాలు ఆమెకు. రెండడుగులు ముందుకొచ్చింది. “అసలు రంగు నిప్పు సెగ తగిల్తెనే గట్టిపడుతది సారూ. సెగ తగలకుంటె నెలైనా అంతే, పైకి ఆరినట్టు కనబడ్తది గని ఒరుసుకుంటె అంటుతది. నేనేసిన మొదటి పూత ఒక్క పూటల రాయి లెక్క ఆరింది. గప్పుడే అనుమానమొచ్చింది.”

“అయితే?”

“అసలు రంగు తీస్కపోయినోడు ఇంట్ల ఏ ఇనుముకో పూసుంటడు. గది ఇంక అంటుతనే ఉంటది. అందరి చేతులు సూడుర్రి సారూ. నావి సుత సూడుర్రి!”

ఎవరో కిసుక్కున నవ్వారు. ఓనరు నవ్వలేదు, కానిమ్మన్నట్టు చెయ్యి ఊపాడు. ఇరవై మందీ బడిపిల్లల్లాగా చేతులు చాపారు. బాలనర్సమ్మ ఒక్కొక్కటే తిప్పి తిప్పి చూసింది. గ్రీజు, బొగ్గు, బీడీ కంపు. అంజయ్య దగ్గరికొచ్చేసరికి ఆమె కళ్లు మెరిశాయి. అతని చూపుడువేలి కొసన తెల్లటి మరక!

“ఏంది గిది?”

“సున్నమక్కా. పాన్ల సున్నం,” అన్నాడు అంజయ్య ఏడుపు మొహం పెట్టి.

వాసన చూసింది. సున్నమే. అందరూ గొల్లున నవ్వారు. పట్టాభిరామయ్య నవ్వుతూనే తన రెండు చేతులూ చాపాడు. “నావి గూడ చూడమ్మా. మళ్ల మేనేజర్ తప్పించుకున్నడని అనొద్దు.”

చూసింది. పసుపు, లడ్డూ నెయ్యి. అంతకుమించి ఏమీ లేదు.

“అయిపోయిందా నీ తనిఖీ? ఇగ నడువ్. పోలీసులకు చెప్పొద్దని సారును నేనే బతిమాలుకుంట.”

బాలనర్సమ్మ గేటు వైపు చూసింది. గేటు దాకా ఇరవై అడుగులు. నోరు మూసుకుని నడిస్తే కేసూ ఉండదు, గొడవా ఉండదు. కానీ ఆమె కొంగు నడుముకు చెక్కి, పెచ్చులు రాలుతున్న ఆ గొట్టం కిందనే బాసింపట్టు వేసుకుని కూర్చుంది.

“బతిమాలకు సారూ, పిలువు పోలీసులను! దొంగనని ఒప్పుకొని నేనైతె గేటు దాట. ఇంకో డబ్బ తెప్పియ్యుర్రి. నా కండ్ల ముంగట మూత తియ్యుర్రి. ఇదంత గీకి మళ్ల ఏస్త, మాపటికి మంట పెట్టి సూస్కోండ్రి. గప్పటిదాంక నన్ను గీడికెల్లి లేపేటోడు ఇంక పుట్టలే!”

“చూసిండ్రా సార్ పొగరు! ఏయ్ వాచ్‌మన్, ఇటు రా!” అంటూ పట్టాభిరామయ్య గేటు వైపు గిర్రున తిరిగాడు.

అంజయ్య నోరు తెరిచినవాడు తెరిచినట్టే ఉండిపోయాడు. ఓనరు చేతిలోని లడ్డూను మెల్లగా మళ్లీ పొట్లంలో పెట్టేశాడు.

మేనేజరుగారి కొత్త తెల్ల చొక్కా వీపు మీద, అచ్చం ఇంటి గేటు చువ్వలంత ఎడంతో, నిలువునా అయిదు వెండి చారలు మెరుస్తున్నాయి.